అలుగును ‘దంతరహిత జంతువు’ అని రాయవచ్చా? పళ్ళు లేని క్షీరదాలకు సరైన తెలుగు మాట ఏది?

వెలిగొండ నీడ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను నెల్లూరు జిల్లా ఉదయగిరి ప్రాంతంలోని ఒక ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం బోధిస్తున్నాను. ఒక మాట విషయంలో మీ సలహా కావాలి. మాట చిన్నదే అయినా దాన్ని బడి గోడ మీద రంగుతో రాయబోతున్నాం కనుక, తప్పు రాయకూడదన్నది నా పట్టుదల.

పోయిన నెలలో మా బడికి దగ్గరలోని ఒక బత్తాయి తోటలో, కంచెకు కట్టిన పాత వలలో ఒక అలుగు (ఇంగ్లీషులో పాంగోలిన్) చిక్కుకొంది. తోట రైతు వల కోసి, దాన్ని పశువులకు కుడితి పెట్టే ఖాళీ తొట్టిలో ఉంచి, అటవీ సిబ్బందికి ఫోను చేశారు. వాళ్ళు వచ్చేలోగా నలుగురైదుగురు పిల్లల్ని వెంటబెట్టుకొని నేనూ వెళ్ళాను. ఎవరూ ముట్టుకోకుండా, అలికిడి చేయకుండా దూరం నుంచే కాసేపు చూశాం. మొదట అది తలను కడుపులోకి దాచుకొని, తోకను పైన చుట్టుకొని, కదలకుండా పడి ఉంది. మట్టి రంగు పొలుసులు ఇంటికప్పు పెంకుల్లా ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. వాటి సందుల్లోంచి ఒకటీ అరా ముతక వెంట్రుకలు పొడుచుకొని వచ్చాయి. చాలాసేపటికి ఆ చుట్ట కాస్త సడలి సన్నని మూతి బయటపడింది. ఆ మూతి చివర నుంచి వానపాము లాంటి నాలుక చటుక్కున వచ్చి, తొట్టి అంచును తడిమి, వచ్చినంత వేగంగానే లోపలికి వెళ్ళిపోయింది.

“మేడం, అది కరిస్తే ఏమవుతుంది?” అని ఎనిమిదో తరగతి అమ్మాయి అడిగింది. పక్కనే నిలబడిన యానాది పెద్దాయన ఒకరు, పుట్టల సంగతి పుట్టుక నుంచీ ఎరిగినవారు, నేను నోరు తెరిచేలోపే జవాబు చెప్పారు: “కరవడానికి దానికి పళ్ళెక్కడివి తల్లీ, ఉన్నదంతా నాలుకే.” చీకటి పడ్డాక సిబ్బంది దాన్ని కొండ దాపున వదిలిపెట్టారు.

ఇప్పుడు బడి గోడ మీద అలుగు బొమ్మ వేసి, కింద నాలుగు వాక్యాలు రాయాలని పిల్లలు అనుకొంటున్నారు. నా పాత నోట్సులో ‘దంతరహితాలు’ అనే శీర్షిక కింద అలుగు, స్లోత్ (చెట్లకు వేలాడే నిదానపు జంతువు), ఆర్మడిల్లో (ఒంటిమీద గట్టి కవచమున్న జంతువు), అమెరికా చీమలభక్షి, ఆర్డ్‌వార్క్ (చీమలనూ చెదలనూ తినే ఆఫ్రికా జంతువు) అని వరుసగా ఉన్నాయి. అదే వరుసను బోర్డు మీద రాయించాను. మరునాడు ఆ అమ్మాయే గ్రంథాలయంలోని ఒక బొమ్మల పుస్తకం తెచ్చి, ఆర్మడిల్లో పుర్రె బొమ్మ చూపించి, “మేడం, దీనికి పళ్ళున్నాయి కదా?” అంది. నిజంగానే ఉన్నాయి. నా దగ్గర జవాబు లేకపోయింది.

ఇంగ్లీషులో ఈ జంతువులను ‘ఎడెంటేట్’ అన్న మాటతో చెప్పేవారని నాకు తెలుసు. ఆ మాట అలుగుకు తగునా? తగితే దానికి తెలుగులో ఏమని రాయాలి? దంతరహిత, దంతహీన, నిర్దంత, అదంత అనే మాటలు నాకు తోచాయి. నా మనసు మాత్రం ‘బోసినోటి జంతువు’ అన్న మాట వైపు మొగ్గుతోంది, ఎందుకంటే అది పిల్లలకు వెంటనే అందుతుంది. పెద్దలు నిర్ణయం చెప్పగలరు.

పాత జంతుశాస్త్రం

అమ్మా, ముందుగా ఆ అమ్మాయికి నా ఆశీస్సులు చెప్పండి. నేను ఒంగోలులో ముప్ఫై ఏళ్ళకు పైగా డిగ్రీ పిల్లలకు జంతుశాస్త్రం చెప్పి విశ్రాంతి తీసుకొంటున్నాను. మీ నోట్సులో ఉన్న వరుస ఒకప్పుడు పుస్తకాల్లోనూ ఉండేది, నేనూ తొలి ఏళ్ళలో అలాగే చెప్పాను. అది తప్పు. ఎందుకు తప్పో తెలియాలంటే ఆ మాట పుట్టిన చోటికి వెళ్ళాలి.

1758లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ తన జంతు వర్గీకరణలో ‘బ్రూటా’ అనే ఒక క్రమాన్ని, అంటే ఒక పెద్ద జంతు సమూహాన్ని ఏర్పరచి, ముందు పళ్ళు, అంటే కుంతకాలు లేకపోవడాన్ని దానికి గుర్తుగా పెట్టాడు. అందులో స్లోత్, చీమలభక్షి, అలుగులతో పాటు సముద్రపు ఆవు అని పిలిచే మనాటీని, చివరికి ఏనుగును కూడా చేర్చాడు. ఏనుగు దంతాలు నిజానికి పెరిగిన కుంతకాలేనని ఈనాడు మనకు తెలుసు. ఆ తర్వాత ఫ్రాన్సులో క్యూవియే అనే శాస్త్రవేత్త ఏనుగును, మనాటీని పక్కన పెట్టి, మిగిలినవాటికి ఆర్మడిల్లోను, ఆర్డ్‌వార్క్‌ను కలిపి, ‘దంతాలు లేనివి’ అనే పేరుతో ఒక క్రమంగా ఉంచాడు. 1817లో ఆయన ప్రచురించిన వర్గీకరణలో గుడ్లు పెట్టే ప్లాటిపస్, ఎకిడ్నాలు కూడా దీని కిందే కనిపిస్తాయి. కాబట్టి ఆ మాటకు మొదటి నుంచీ ఉన్న అర్థం ‘ఒక్క పన్నూ లేనిది’ అని కాదు. ముందు పళ్ళు లేనివీ, ఎనామిల్ (పంటి మీది గట్టి పొర) లేని నాసి పళ్ళు ఉన్నవీ, అసలే పళ్ళు లేనివీ అన్నీ ఆ ఒక్క సంచిలో పడ్డాయి.

లోపలికి తొంగి చూస్తే తేడా ఎంత పెద్దదో తెలుస్తుంది. స్లోత్‌కు సాధారణంగా 18 పళ్ళుంటాయి. దక్షిణ అమెరికాలోని జెయింట్ ఆర్మడిల్లోకు మేకుల్లాంటి చిన్న పళ్ళు 80 దాటి ఉండవచ్చు, కొన్నింటిలో నూరు దాకా లెక్కపెట్టారు. నేలమీది క్షీరదాల్లో అన్ని పళ్ళున్నది మరొకటి లేదు. ‘దంతరహితాలు’ అన్న శీర్షిక కింద దాని పేరు రాయడం ఎంత అన్యాయమో చూడండి! ఆర్డ్‌వార్క్ పళ్ళకు ఎనామిల్ ఉండదు. ఒక్కో పన్ను సన్నని గొట్టాలను కట్టగా కట్టినట్టు ఉంటుంది కనుక దాని క్రమానికి ‘గొట్టపు పళ్ళవి’ అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. ఆ వరుస మొత్తంలో ఒక్క పన్ను కూడా లేనివి రెండే: అమెరికా చీమలభక్షులు, మన అలుగు.

ఆ రెండూ కూడా చుట్టాలు కావు. స్లోత్, ఆర్మడిల్లో, చీమలభక్షులు ఒక కుటుంబం. వాటి వెన్నుపూసల మధ్య అదనపు కీళ్ళు ఉంటాయి. ఆ గుర్తుతోనే 1889లో కోప్ అనే అమెరికా శాస్త్రవేత్త వాటికి ‘వింత కీళ్ళవి’ అనే అర్థంలో జెనార్థ్రా అని పేరు పెట్టాడు. ఆర్డ్‌వార్క్ జన్యువుల ప్రకారం ఏనుగు వైపు బంధువు. అలుగుకు అతి దగ్గర బంధువులు పిల్లి, కుక్క, ఎలుగు ఉన్న మాంసాహార జంతువుల క్రమం వారు. చీమలనూ చెదలనూ పొడవైన నాలుకతో నాకి తినే బతుకు వేర్వేరు వంశాలకు వేర్వేరు ఖండాల్లో అబ్బింది, ఆ బతుకులో పళ్ళ అవసరం తగ్గింది. అయితే అవసరం తగ్గిన ప్రతిచోటా పళ్ళు పోవాలనీ లేదు. ఆస్ట్రేలియాలో చెదలే తిని బతికే నంబాట్ అనే చిన్న జంతువుకు దాదాపు 50 చిన్న పళ్ళున్నాయి.

పన్ను లేని అలుగు ఎలా తింటుందన్నది మీ పిల్లలకు తప్పక చెప్పండి, ఎందుకంటే నిజమైన విశేషం అక్కడ ఉంది. దాని నాలుక మూలం మన నాలుకలా గొంతు దగ్గర ఆగదు, రొమ్ము లోపల చివరి పక్కటెముకల దాకా పోతుంది. మీరు చూసిన ఆ వానపాము లాంటి కొస వెనక అంత పొడవు దాగి ఉంది. కింది దవడ సన్నని పుల్లల జతలా మిగిలింది, నమిలే కండరాలు పలచబడ్డాయి. జిగురు లాలాజలానికి అంటుకొన్న చీమలు నేరుగా కడుపులోకి పోతే, అక్కడ జీర్ణాశయం లోపలి గట్టి ముళ్ళూ, తిండితో పాటు మింగిన ఇసుక, చిన్న రాళ్ళూ కలిసి వాటిని నూరుతాయి. కోడి తన ఎరసంచి వెనకున్న కందనకాయతో చేసే పనినే ఇది తన కడుపుతో చేస్తుంది.

పళ్ళు లేని క్షీరదాల్లో అన్నింటికన్నా పెద్దది మన సముద్రంలోనూ తిరుగుతుంది. నీలి తిమింగలం పైదవడ నుంచి ఒక్కో వైపు సుమారు 300 కెరాటిన్ పలకలు దువ్వెన పళ్ళలా వేలాడుతూ నీటిని వడకడతాయి. అవి పళ్ళు కావు, మన గోళ్ళ పదార్థమే. ఆశ్చర్యం ఏమిటంటే, తల్లి కడుపులోని తిమింగలం పిండానికి పంటి మొగ్గలు వస్తాయి. పుట్టకముందే కరిగిపోతాయి. పెద్దయ్యాక తలలో ఒక్క పన్నూ ఉండని తిమింగలానికి పిండదశలో పళ్ళుండటాన్ని డార్విన్ 1859లోనే తన వాదానికి సాక్ష్యంగా ఎత్తిచూపాడు. 2009లో వెలువడిన ఒక పరిశోధన మరింత లోతుకు వెళ్ళింది. ఎనామిల్ తయారీకి కావలసిన ఎనామెలిన్ అనే జన్యువు ఈ తిమింగలాల్లో, అలుగుల్లో, చీమలభక్షుల్లో ఇంకా ఉందిగానీ, అక్షరాలు తప్పిన వాక్యంలా పాడై పనికిరాకుండా పడి ఉందని అది చూపింది. అంటే వీటి పూర్వీకులందరికీ పళ్ళుండేవి.

ఇక మీ కొండల సంగతి ఒకటి. ఉదయగిరి వైపు ఎలుగుబంట్లు తిరుగుతాయని మీకు తెలిసే ఉంటుంది. మన ఎలుగుకు పైదవడ ముందు పళ్ళలో నడిమి రెండూ ఉండవు. ఆ సందులోంచే పుట్టలోని చెదలను పీల్చుకొంటుంది. ఆ సందునూ, పొడవైన గోళ్ళనూ చూసి 1791లో జార్జి షా అనే ఆంగ్లేయుడు దాన్ని ఎలుగుగా కాక స్లోత్‌గా భావించి, ‘ఎలుగు వంటి స్లోత్’ అనే అర్థంలో శాస్త్రీయ నామం పెట్టాడు. ఇంగ్లీషులో దాన్ని నేటికీ స్లోత్ బేర్ అనడానికి కారణం ఆ పొరపాటే. పళ్ళు లేకపోవడాన్ని వంశానికి గుర్తుగా పట్టుకొంటే ఎంత దూరం దారి తప్పుతామో చెప్పడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ మీ పిల్లలకు దొరకదు.

కాబట్టి నా మాట ఇది: ‘పళ్ళు లేనిది’ అన్నది నోటిని వర్ణించే మాటగా వాడండి, కులం పేరుగా వాడకండి.

నిఘంటువు పక్కన

నెల్లూరులో తెలుగు పండితుడిగా పనిచేసినవాడిని. జంతుశాస్త్రం వారు కొట్టివేయవలసింది కొట్టివేశారు కనుక, నేను మాట సంగతి మాత్రమే చెబుతాను.

ఇంగ్లీషు మాటకు మూలమైన లాటిన్ మాటలో ముందున్న ‘ఎ’ అన్నది ‘బయటికి’ అనే అర్థం ఇచ్చే ఉపసర్గ, తర్వాతది పన్ను. మన దంత శబ్దమూ లాటిన్‌లో పంటిని చెప్పే మాటా ఒకే వేరు నుంచి వచ్చిన అక్కచెల్లెళ్ళు. మొత్తం మాటకు లాటిన్‌లో ‘పళ్ళు ఊడగొట్టబడినది’ అనే అర్థం వస్తుంది. దక్షయజ్ఞంలో పళ్ళు రాలగొట్టించుకొని, అటుపైన పిండితో చేసిన నైవేద్యమే తినవలసి వచ్చిన పూషుడు అనే దేవుడు ఆ అర్థానికి సరిగ్గా సరిపోతాడు. ఆ పూషుణ్ణి వైదిక వాఙ్మయం ‘అదంతకుడు’ అంటుంది కనుక, మీరు చెప్పిన ‘అదంత’ కొత్తగా కల్పించిన మాట కాదు. అయినా శాస్త్ర పదంగా నేను ‘నిర్దంత’ వైపే ఉంటాను. ‘నిర్’ అన్న ఉపసర్గలో ‘వెలుపలికి పోయిన’ అనే ధ్వని ఉంది. లాటిన్ ఉపసర్గ చేసే పని అదే. పైగా జంతుశాస్త్రం వారు చెప్పిన పాడైన జన్యువు కథ వింటే, అలుగు వంశం నుంచి పళ్ళు నిజంగానే వెలుపలికి పోయాయి.

‘దంతహీన’ వద్దు. హీన శబ్దం చేరితే లోపం ఉన్నట్టు వినిపిస్తుంది, అలుగుకు ఏ లోపమూ లేదు. ‘దంతరహిత’ తప్పు కాదు గానీ ఆ పాత శీర్షిక వాసన దానికి అంటుకొని ఉంది.

మీకు నచ్చిన ‘బోసి’ విషయంలో కొంచెం ఆలోచించండి. బోసి అంటే పళ్ళు లేకపోవడం ఒక్కటే కాదు. నగ లేని మెడ బోసిమెడ. బిడ్డలు ఊరికి పోతే ఇల్లు బోసిపోతుంది. ఉండవలసింది లేనప్పుడు మనం ఆ మాట వాడతాం. పసిబిడ్డ బోసినోట్లో రేపు పళ్ళు వస్తాయి, తాతగారి బోసినోట్లో నిన్నటి దాకా ఉండేవి. అలుగు నోట్లో నిన్నా లేవు, రేపూ రావు. ఆ నోరు దానికి నిండు నోరే.

అలుగు అన్న పేరు విషయంలో మాత్రం సందేహించకండి. కొన్ని ప్రాంతాల్లో చెరువు నిండి పొర్లే చోటును అలుగు అంటారు కనుక అక్కడి పాఠకులు ఒక్క క్షణం తడబడవచ్చు. మన నెల్లూరులో దాన్ని కలుజు అంటాం కాబట్టి మీ పిల్లలకు ఆ చిక్కు లేదు. తమిళంలోనూ ఈ జంతువును అళుంగు అంటారు. ఇది ఇక్కడి మాట. దాన్ని వదిలి పాంగోలిన్ అని రాయవలసిన పని లేదు. ఆ పాంగోలిన్ కూడా ‘చుట్టుకొనేది’ అనే అర్థం ఉన్న మలయ్ మాట నుంచి ఇంగ్లీషులోకి పోయినదే.

పాలపళ్ళ కోడె

మేడం గారూ, నేను చదువుకొన్నది తక్కువే గానీ ఒంగోలు జాతి ఎద్దులను మూడు తరాలుగా పెంచుతున్న ఇంటివాడిని, పళ్ళు చూడటం మాకు రోజువారీ పని. అందుకని ఒక్క సంగతి చెప్పాలనిపించింది. మీరు గోడ మీద ‘పళ్ళు లేని జంతువు’ అని మాత్రమే రాస్తే మా వైపు పిల్లలు వేరేగా అర్థం చేసుకొనే ప్రమాదం ఉంది.

మా మాటల్లో ‘ఈ కోడె ఇంకా పళ్ళు వేయలేదు’ అంటే దాని నోట్లో పళ్ళు లేవని కాదు, పాలపళ్ళు రాలి పెద్ద పళ్ళు రాలేదని అర్థం. నోరు తెరిచి చూస్తే కింద ముందు వరుసలో ఎనిమిది పాలపళ్ళూ తెల్లగా ఉంటాయి. రెండేళ్ళు దాటాక నడిమి రెండు రాలి వెడల్పు పళ్ళు వస్తే అది రెండు పళ్ళది, ఆ తర్వాత నాలుగు, ఆరు. బండలాగుడు పోటీల్లో పాలపళ్ళ విభాగం, రెండు పళ్ళ విభాగం, నాలుగు పళ్ళ విభాగం అని పెట్టేది ఈ లెక్కతోనే. ఇక ఏ ఎద్దుకైనా, ఎంత వయసు వచ్చినా, పైదవడ ముందు భాగంలో పళ్ళు ఉండవు. అక్కడ వేలు పెట్టి నొక్కితే తోలు దిండులా గట్టిగా తగులుతుంది. గడ్డిని నాలుకతో చుట్టి, కింది పళ్ళకూ ఆ దిండుకూ మధ్య పట్టి తెంపుతుంది. లోపల నమిలే దవడ పళ్ళు పైనా కిందా నిండుగా ఉంటాయి.

పైన పెద్దాయన చెప్పిన ఆ పాత పద్ధతిలో, ముందు పళ్ళు లేవని ఒక సంచిలో వేస్తే, మా ఎద్దు కూడా సగం ఆ సంచిలోకి పోతుంది. కాబట్టి ‘నోట్లో ఒక్క పన్ను కూడా ఉండదు, పుట్టినప్పుడూ ఉండదు, పెరిగాకా రాదు’ అని విడమరచి రాయండి. అలా రాస్తే ఏ ఊరి పిల్లవాడికీ సందేహం రాదు.

వెలిగొండ నీడ

ముగ్గురికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. ఎద్దు పైదవడ సంగతి చదివిన వెంటనే ఇంటి పక్క కొట్టంలోకి వెళ్ళి, మా ఆవు నోరు తెరిపించి ఆ దిండును తాకి చూశాను. ఇన్నేళ్ళుగా పాఠం చెబుతూ కూడా ఆ పని ఎప్పుడూ చేయలేదు.

‘బోసి’ గురించి పండితులు చెప్పింది ఒప్పుకొంటున్నాను. అయినా ఆ మాటను వదులుకోలేక ఒకటి అడుగుతున్నాను: కడుపులో ఉండగా మొగ్గ వేసిన పళ్ళు పుట్టకముందే కరిగిపోయే తిమింగలానికైనా అది తగదా?

నిఘంటువు పక్కన

తగుతుంది. రావలసినవి రాకుండా పోయాయి కనుక ఆ నోరు బోసినోరే. తిమింగలానికి నిస్సంకోచంగా వాడండి.

పాత జంతుశాస్త్రం

నేనూ ఒప్పుకొంటున్నాను. గోడ మీద మరొక్క వాక్యానికి చోటుంటే, అలుగు పొలుసులు మన గోళ్ళ వంటి కెరాటినేననీ, ఏ మందుకూ పనికిరావనీ, వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో ఎక్కువ రక్షణ ఇచ్చే మొదటి షెడ్యూలులో అది ఉందనీ రాయించండి. 2016లో ప్రపంచ దేశాలు కలిసి అలుగుల అంతర్జాతీయ వాణిజ్యాన్ని నిషేధించే నిర్ణయం తీసుకొన్నాయి. ఆ పొలుసుల కోసం వాటిని చంపుతున్నారు; కరవలేని ఆ జంతువు భయపడితే చుట్టుకొని పడుకొంటుంది, అలా పడుకొన్నప్పుడు మనిషి దాన్ని సంచిలో వేసుకొని పోవడం అతి సులువు.

వెలిగొండ నీడ

ఈ రోజు పిల్లలతో కూర్చొని రాసిన పాఠం ఇది. తప్పుంటే ఆదివారంలోగా చెప్పండి, సోమవారం రంగు వేస్తాం.

“అలుగు. ఇది నిర్దంత క్షీరదం: దీని నోట్లో ఒక్క పన్ను కూడా ఉండదు, పుట్టినప్పుడూ ఉండదు, పెరిగాకా రాదు. రొమ్ము లోపలి నుంచి వచ్చే పొడవైన నాలుకతో చీమలనూ చెదలనూ అందుకొని, కడుపులోని ముళ్ళతో, రాళ్ళతో నూరుకొంటుంది. ఇప్పుడు బతికున్న జంతువుల్లో పిల్లి, కుక్క, ఎలుగు ఉన్న గుంపే దీనికి అతి దగ్గర చుట్టాలు. దీని పొలుసులు మన గోళ్ళ లాంటివే, మందుకు పనికిరావు. దీన్ని పట్టుకోవడం నేరం. కనిపిస్తే ముట్టుకోకుండా అటవీ సిబ్బందికి కబురు చేయండి.”

స్లోత్, ఆర్మడిల్లో ఉన్న పాత వరుసను బోర్డు మీద నుంచి ఆ ఎనిమిదో తరగతి అమ్మాయి చేతనే తుడిపించాను. పక్క గోడ ఖాళీగా ఉందని, అక్కడ బోసినోటి తిమింగలాన్ని వేస్తామని పిల్లలు ఇప్పటికే కొలతలు తీసుకొంటున్నారు.